పూరేడు పిట్ట, నిమ్మరసం, గిన్నెడు పండ్లు



మన పత్రికలో వంటింటి పేజీ అనగానే రాగి జావ, మునగాకు పప్పు, బాలింతలకు పథ్యం గుర్తుకు వస్తాయి. ఈసారి అది గ్రీసు దేశం దాకా వెళ్లి వచ్చింది. కారణం మేము కాదు. బొబ్బిలికి సెలవు మీద వచ్చిన ఒక ఓడ ఉద్యోగి.

ఆ తమ్ముడు సరుకు ఓడల్లో పనిచేస్తాడు. శ్రీకాకుళం తీరపు పల్లెల నుంచి ఇలా సముద్రం మీదికి వెళ్లే కుర్రవాళ్లు చాలామంది ఉన్నారని మీకు తెలిసినదే. ఇతని ఓడ గ్రీసులోని పిరేయస్ రేవులో కొన్ని రోజులు ఆగినప్పుడు, తోటి గ్రీకు ఉద్యోగి ఒకరు ఇంటికి పిలిచి భోజనం పెట్టారట. చిన్న పిట్టలను నిమ్మరసం, వెల్లుల్లి, ఏదో ఎండు ఆకుతో కాల్చి, పక్కన పండ్ల ముక్కలు పెట్టారట. ఇంటికి వస్తే అమ్మానాన్నలకు అది చేసి పెట్టాలని అప్పుడే అనుకున్నాడట.

ఇంటికి వచ్చేసరికి సంగతి వేరేగా ఉంది. తండ్రిగారు ఉద్దానంలో కొబ్బరి తోట చూసుకొనేవారు. మూత్రపిండాల జబ్బు బయటపడ్డాక బొబ్బిలిలోని కూతురి ఇంటికి వచ్చి, మా దగ్గర చూపించుకుంటున్నారు. డయాలసిస్ దాకా రాలేదు. తల్లిగారికి పదేళ్లుగా చక్కెర జబ్బు. ఒకరికి పప్పు తగ్గించమన్నాము, మరొకరికి అన్నం తగ్గించమన్నాము. ఇంట్లో ఎవరికి ఏది వండాలో కూతురికి పాలుపోక, చివరికి ఇద్దరికీ చప్పటి సొరకాయ కూరే వండుతోంది. నాలుగు నెలల్లో తండ్రిగారి బరువు 57 కిలోల నుంచి 52కు దిగింది.

కొడుకు ఆయనను తీసుకొని మా అవుట్ పేషెంట్ విభాగానికి వచ్చిన రోజున పెద్దాయన మా డైటీషియన్ అమ్మతో అన్న మాటలు ఇవి. "ఇది తినకు, అది తినకు అని కాయితం ఇచ్చీసినారు. మీ మీద కోపం లేదమ్మా. కానీ ఇంక నేను ఏటి తిని బతికీది?"

ఆ ప్రశ్న మాకు తగిలింది. నిజం చెప్పాలంటే ఆ కాగితంలో తినకూడనివి పదిహేడు వరుసలు ఉన్నాయి, తినదగినవి నాలుగే. కిడ్నీ రోగి సన్నగిల్లిపోవడం కూడా జబ్బే. కండ కరిగిపోయిన మనిషి చిన్న ఇన్ఫెక్షన్‌కు కూడా తట్టుకోలేడు. అందుకని ఆ ఇంటిలో ఆ ఒక్క భోజనం ఎలా కుదురుతుందో చూద్దామని మేమందరం కూర్చున్నాము. ఈ వ్యాసం అందులో నుంచి వచ్చినదే.

ముందు పిట్ట సంగతి

మరునాడు ఆ తమ్ముడు ఒక వెదురు బుట్టతో వచ్చాడు. రాజాం రోడ్డులో ఎవరో వల వేసి పట్టి అమ్ముతుంటే ఆరు పిట్టలు ప్రాణాలతో కొన్నాడట. "ఫారం పిట్టల కంటే బలం అంట కదండీ" అన్నాడు. బుట్టలో ఉన్నవి పొలాల్లో తిరిగే అసలు పూరేళ్లు.

ఇక్కడ పేర్ల తికమక ఒకటి ఉంది. బైబిలులో నిర్గమకాండము 16వ అధ్యాయంలోను, సంఖ్యాకాండము 11వ అధ్యాయంలోను వచ్చే పక్షులను మన తెలుగు అనువాదం పూరేళ్లు అంది. కౌజు అనేది దానికంటే కాస్త పెద్దదైన వేరే పక్షి. కానీ ఇప్పుడు దుకాణాల్లో బోర్డు పెట్టి కౌజు పిట్టలు అని అమ్మేవి నిజానికి ఫారాల్లో పెంచే జపాను జాతి పూరేళ్లు. ఈ జాతిని 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పక్షి పరిశోధన కేంద్రానికి తెచ్చారు. అక్కడి నుంచి దేశమంతా వ్యాపించింది. గుడ్డు 17, 18 రోజుల్లో పొదుగుతుంది. అయిదారు వారాలకే పిట్ట కోతకు వస్తుంది. ఇవి కొనడం, తినడం నేరం కాదు. వన్యప్రాణి చట్టం వీటికి కూడా వర్తిస్తుందా అని మధ్యలో కొంత గందరగోళం నడిచింది గాని, 2013లో కేంద్రం ఈ జపాను జాతిని ఆ పరిధి నుంచి తప్పించింది.

పొలంలో తిరిగే పూరేడు, కౌజు, అడవికోడి మాత్రం వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని వేటాడకూడదు, వల వేయకూడదు, అమ్మకూడదు, కొనకూడదు. 2022లో చట్టాన్ని సవరించాక మామూలు నేరానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ పడవచ్చు. మన పొలాల్లో ఉండే వాన పూరేడు శాస్త్రీయ నామంలో కోరమాండెలికా అని ఉంటుంది. అంటే మన కోరమాండల్ తీరం పేరే. మన ఊరి పేరు పెట్టుకొన్న పిట్ట అన్నమాట.

ఈ మాట చెప్పగానే అతను బెదిరిపోయాడు. పాపం, తెలియక చేసిన పని. మా దగ్గరి నుంచే అటవీ శాఖ వారికి ఫోను చేసి, సాయంత్రానికి బుట్ట అప్పగించాడు. ఆరింటిలో రెండింటికి వల తగిలి రెక్క దెబ్బ తింది.

"బలం" అన్న మాట గురించి కూడా చెప్పాలి. అడవి పిట్ట తింటే ఆయాసం తగ్గుతుంది, క్షయ పోతుంది, బాలింతకు నడుము గట్టిపడుతుంది అని మన వైపు గట్టి నమ్మకం ఉంది. క్షయకు మందు ఆరు నెలల మాత్రలే, పిట్ట కాదు. పిట్ట మాంసం మంచి మాంసకృత్తి, అంతే. పైగా పొలంలో పట్టిన పిట్ట పురుగుమందు పట్టించిన విత్తనాలు తిని ఉండవచ్చు. తుపాకీతో కొట్టిన పిట్ట అయితే ఒంట్లో సీసపు గుళ్ల తునకలు మిగులుతాయి. సీసం పిల్లల మెదడుకు, గర్భిణులకు, మూత్రపిండాలకు చెరుపు చేస్తుంది. వండినా పోదు.

గ్రీసులోనే ఉన్న ఒక పాఠం

చిత్రమేమిటంటే అడవి పూరేడు వల్ల వచ్చే ఒక జబ్బుకు వైద్య గ్రంథాల్లో పేరుపడ్డ చోటు గ్రీసే. ఐరోపాలో ఉండే పూరేళ్లు ప్రతి శరదృతువులో చలికి ఓర్వలేక మధ్యధరా సముద్రం దాటి ఆఫ్రికాకు వలస పోతాయి. అలసిపోయి గ్రీకు దీవుల మీద, తీరాల మీద వాలుతాయి. ఆ దేశపు దక్షిణ కొనలో పోర్టో కాయో అనే చిన్న రేవు ఉంది. ఆ పేరుకు అర్థమే పూరేళ్ల రేవు. పాత కాలంలో అక్కడివారు వాటిని వలలతో పట్టి, ఉప్పులో ఊరవేసుకొనేవారు.

అలా వలస దారిలో పట్టిన పిట్టలను తిన్నవారిలో కొందరికి, అందరికీ కాదు, కొన్ని గంటల్లోనే ఒళ్లంతా కండరాల నొప్పులు, కాళ్లు కదపలేనంత నీరసం, నల్లని టీ రంగులో మూత్రం వస్తాయి. కండరాలు చితికి, వాటిలోని పదార్థం రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రపిండాల్లోకి చేరుతుంది. ముదిరితే మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. దీనిని కోటర్నిజం అంటారు. లెస్బోస్ దీవిలో ఇలాంటి కేసులను వైద్యులు రాసిపెట్టారు. పిట్ట తిన్న విష విత్తనాలే కారణమని రోము పండితుడు ప్లినీ కాలం నుంచి అంటున్నారు గాని, ఆ విషం ఏమిటో నేటికీ శాస్త్రం తేల్చలేదు. ఎంత ఉడికించినా విరగదని మాత్రం తెలుసు. ఫారాల్లో దాణా తిని పెరిగిన పిట్టలకు ఈ బెడద లేదు.

సంఖ్యాకాండములో ఇశ్రాయేలీయులు ఆశకొద్దీ పూరేళ్లను కుప్పలుగా కూర్చుకొని తిని, తెగులు తగిలి చనిపోయిన చోటికి కిబ్రోతుహత్తావా అని పేరు వచ్చిన సంగతి ఆదివారం బడి పిల్లలకు కూడా తెలుసు. అది ఈ జబ్బేనేమో అని కొందరు వైద్యులు ఊహించారు. ఆ వాక్యభాగానికి మేము వైద్య నిర్ధారణ చేయబోము. అంత పాత కథకు, ఒక గ్రీకు దీవిలోని ఆసుపత్రి కేసుకు ఈ పోలిక కనబడటం మాత్రం మాకు ఆశ్చర్యంగానే ఉంది.

మూత్రపిండాలు సగం పనిచేస్తున్న మనిషికి ఇలాంటి పిట్ట పెట్టే పనే లేదు కదా. ఆ తమ్ముడు విజయనగరం వెళ్లి ఫారం పిట్టలు నాలుగు, శుభ్రం చేసినవి, ఐసుపెట్టెలో పెట్టించి తెచ్చాడు.

గ్రీకు వంట అంటే ఏమిటి?

మసాలా నూరే పని ఇందులో లేదు. ఆలివ్ నూనె, నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పు, మిరియం, రిగాని అనే ఎండు ఆకు. ఇంతే. కొన్ని ఇళ్లలో పిట్టను ద్రాక్ష ఆకులో చుట్టి కాలుస్తారు.

ఆ రిగాని ఆకు ఎక్కడ దొరుకుతుందని అతను దిగులుపడ్డాడు. పెద్ద ఊళ్ల సూపర్ బజారుల్లో ఒరెగానో పేరుతో చిన్న సీసాల్లో అమ్ముతారు. అయితే దాని ఘాటుకు మూలమైన కార్వక్రాల్, థైమాల్ అనే నూనెలే మన పెరటిలోని వాము ఆకులో, అంటే దళసరిగా, నూగుగా ఉండే కర్పూరవల్లి ఆకులో ఉన్నాయి. వాము గింజలో కూడా థైమాల్ దండిగా ఉంటుంది. పిల్లలకు జలుబు చేస్తే రసం పిండి పోస్తామే, అదే ఆకు. మా ఆసుపత్రి వంటశాల వెనుక రెండు కుండీల్లో ఉంది. గుప్పెడు కోసి ఇచ్చాము.

ఆలివ్ నూనె ఖరీదు. మన గానుగ నువ్వుల నూనె వాడమన్నాము. రుచి తేడా వస్తుంది. మాకైతే ఆ తేడా బాగానే ఉంది. ద్రాక్ష ఆకుకు బదులు వాడిన అరటి ఆకు.

గ్రీకుల ఆరోగ్యం అనగానే ఆలివ్ నూనెకే పేరంతా ఇస్తారు. మేము ఒప్పుకోము. అమెరికా వైద్య శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంలో క్రీట్ దీవి మగవారికి గుండె జబ్బు అందరికంటే తక్కువగా కనబడింది. 1960లో వారి తిండి లెక్క వేస్తే రోజుకు సగటున మాంసం 35 గ్రాములే. పండ్లు 460 గ్రాములకు పైగా. అక్కడి ఆర్థడాక్స్ సంఘం ఉపవాస నియమాలు పూర్తిగా పాటించేవారు ఏడాదిలో దాదాపు 180 రోజులు మాంసం ముట్టరు. పైగా రోజంతా కొండ పొలాల్లో నడిచేవారు. కాల్చిన పిట్ట వారికి పండుగ వంట. మనవాళ్లు ఆదివారం వచ్చిందంటే ఒక్కొక్కరు పావు కిలో కోడికూర తిని, ఆలివ్ నూనె సీసా కొనుక్కుంటే ఏం లాభం?

చేసే విధానం

నలుగురికి నాలుగు పిట్టలు. శుభ్రం చేశాక ఒక్కొక్కటి 120 నుంచి 150 గ్రాములు తూగుతుంది. రెండు నిమ్మకాయల రసం, దంచిన వెల్లుల్లి రేకలు ఆరు, సన్నగా తరిగిన వాము ఆకులు ఎనిమిది, మిరియాల పొడి అర స్పూను, నువ్వుల నూనె రెండు పెద్ద స్పూన్లు, ఉప్పు అర చిన్న స్పూను. ఉప్పు తక్కువైందని మీకు అనిపిస్తుంది. నిమ్మ పులుపు ఆ లోటు తెలియనివ్వదు.

పిట్టను కత్తెరతో వెన్నెముక పొడవునా కత్తిరించి పుస్తకంలా తెరిచి, అరచేతితో నొక్కి పరచాలి. ఇలా చేస్తే అంతటా సమంగా కాలుతుంది. కలిపిన రసం అంతా పట్టించి, మూతపెట్టి ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచాలి. బయట గట్టు మీద ఉంచకూడదు. మన ఎండలకు రెండు గంటల్లో సూక్ష్మక్రిములు సంత పెడతాయి.

ఓవెన్ ఉన్నవారు 200 డిగ్రీల వేడిలో 20 నుంచి 25 నిమిషాలు. లేనివారు, అంటే మనలో ఎక్కువమంది, దళసరి బాణలిలో చర్మం వైపు మూడు నిమిషాలు, రెండోవైపు మూడు నిమిషాలు ఎర్రగా వేయించి, వాడిన అరటి ఆకులో చుట్టి, మట్టి దాకలో పెట్టి మూత వేసి సన్నసెగ మీద 20 నిమిషాలు ఉంచవచ్చు. మూత మీద నాలుగు నిప్పులు వేస్తే ఇంకా మేలు. అరకు, సీతంపేట వైపు బొంగులో కోడి వండేవారికి ఈ కిటుకు కొత్త కాదు. ఆకులోను, బొంగులోను మాంసం తన నీటితోనే ఉడుకుతుంది. నూనె పెద్దగా అక్కరలేదు.

ఉడికిందా లేదా అనేది రంగు చూసి చెప్పకండి. తొడ కీలు దగ్గర చాకు గుచ్చితే వచ్చే నీరు తేటగా ఉండాలి. ఎముక పక్కన గులాబీ రంగు ఉండకూడదు. థర్మామీటరు ఉంటే లోపల 74 డిగ్రీలు. పెద్ద ఊళ్ల హోటళ్లలో ఈ పిట్టను కాస్త పచ్చిగా ఉంచడం గొప్పగా చెప్పుకొంటారు. రోగులున్న ఇంట్లో ఆ గొప్ప వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చాలామంది భయపడి మమ్మల్ని అడిగారు. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు. చచ్చిన పిట్టను, జబ్బు పిట్టను ముట్టుకోవడంలోనే అసలు ముప్పు.

ఇంకొకటి. దీని ఎముకలు సూదుల్లా ఉంటాయి. చిన్నపిల్లలకు, పళ్లు లేని పెద్దలకు మాంసం వలిచి, వేలితో తడిమి చూసి పెట్టండి.

పచ్చి మాంసం, పచ్చి పండ్లు ఒకే వంటింట్లో

ఈ భోజనంలో అసలైన ప్రమాదం ఇక్కడే ఉంది. పిట్ట నిప్పు మీదికి వెళుతుంది, పండ్లు వెళ్లవు. పిట్ట కోసిన కత్తిపీట మీదే పండ్లు తరిగితే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే క్రిములు నేరుగా పండ్ల గిన్నెలోకి వస్తాయి. పండుగ మరునాడు విరేచనాలతో మా దగ్గరికి వచ్చేవారిని ఏం తిన్నారని అడిగితే మాంసం మీదే నేరం వేస్తారు. చాలాసార్లు తప్పు పక్కనున్న ఉల్లిపాయ ముక్కలది.

కాబట్టి పండ్లు ముందు తరిగి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. తరవాతే పిట్ట పొట్లం విప్పండి. పిట్టను కొళాయి కింద కడిగితే తుంపరలు గజం దూరం పడతాయి. పసుపు, ఉప్పు వేసి కడగనిదే మనసొప్పదంటే, ఒక గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, ఆ నీళ్లు జాగ్రత్తగా పారబోసి, తొట్టిని సబ్బుతో రుద్దండి. చేతులు కూడా.

ఏ పండు ఎవరికి?

గ్రీసులో భోజనం చివర మిఠాయి కంటే పండ్ల పళ్లెమే ఎక్కువగా వస్తుంది. తేనె, పెరుగు, అక్రోటు పప్పు కలుపుతారు. మనకు పండ్లకు కొదవ లేదు. సీతంపేట కొండల అనాస, సీతాఫలం, మన విజయనగరం వైపు సువర్ణరేఖ మామిడి, ఉద్దానం పనస, ఏడాది పొడవునా బొప్పాయి, జామ, అరటి.

కానీ అన్నీ అందరికీ కాదు. మూత్రపిండాలు బలహీనపడ్డవారికి పొటాషియం బయటికి పోదు. రక్తంలో అది హద్దు దాటితే గుండె లయ తప్పి, ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఉద్దానం రోగులను చూసిన మాకు ఇది పుస్తకంలోని వాక్యం కాదు. సోంపేట, కవిటి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎన్నో ఇళ్లలో ఈ జబ్బు ఉంది. కారణం ఇదీ అని తేలకుండానే ఏళ్లు గడిచాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడ కొబ్బరి బోండం ఇచ్చి పరామర్శించడం మర్యాద. ఆ మర్యాదే కిడ్నీ రోగికి విషం కావచ్చు.

100 గ్రాముల పండులో పొటాషియం సుమారుగా ఇలా ఉంటుంది. పనస 450 మిల్లీగ్రాములు, జామ 415, అరటి 360, బొప్పాయి 180, మామిడి 170. అనాస, ఆపిల్, పుచ్చకాయ మాత్రం 110 దగ్గరే. పెద్దాయన రక్తంలో పొటాషియం పై హద్దుకు దగ్గరగా ఉంది కాబట్టి అనాస, ఆపిల్ ముక్కలు కలిపి చిన్న కప్పు, 100 గ్రాములు. ఈ మధ్య దుకాణాల్లో కనబడుతున్న స్టార్ ఫ్రూట్ మాత్రం కిడ్నీ రోగులు ఒక్క ముక్క కూడా తినకూడదు. అందులోని విషం మెదడుకెక్కి, ఎడతెగని ఎక్కిళ్లు, ఫిట్స్, ప్రాణాపాయం దాకా తెస్తుంది. అలాగే బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో ఉండేది పొటాషియమే. అదీ వద్దు.

తల్లిగారి లెక్క వేరు. చక్కెర జబ్బుకు జామ చాలా మంచిది. బొప్పాయి, జామ కలిపి ఒక కప్పు, పైన చిలికిన చప్పటి పెరుగు రెండు స్పూన్లు, పుదీనా, చిటికెడు మిరియం. తేనె లేదు, పంచదార లేదు. తేనె ప్రకృతి సిద్ధం కదా అని ఆవిడ అడిగింది. రక్తంలో చక్కెర పెరగడానికి ఆ సంగతి అడ్డురాదు. ఏడాది లోపు పసిపిల్లలకు తేనె అసలే నాకించకండి. మన వైపు పుట్టగానే నాకిస్తారు, మానాలి.

ఒకే బల్ల మీద రెండు గిన్నెల పండ్లు. కూతురు గిన్నెలకు రంగు దారం కట్టి గుర్తు పెట్టుకొంది.

పిట్ట విషయంలో కూడా లెక్క వేశాము. ఒక పిట్టలో ఎముకలు పోగా 80 గ్రాముల మాంసం వస్తుందనుకుంటే, మాంసకృత్తి సుమారు 18 గ్రాములు. డయాలసిస్ లేని కిడ్నీ రోగికి మేము చెప్పేది కిలో బరువుకు రోజుకు 0.6 నుంచి 0.8 గ్రాములు. 52 కిలోల ఆయనకు ఎక్కువలో ఎక్కువ 42 గ్రాములు. అంటే ఒక్క పిట్టతో దాదాపు సగం అయిపోయింది. ఆ రోజు పప్పు, గుడ్డు, పాలు లేవు. డయాలసిస్ చేయించుకొనేవారికి ఈ లెక్క తారుమారు. వారికి మాంసకృత్తి ఎక్కువ కావాలి, 1 గ్రాము పైనే. కాబట్టి పక్కింటి రోగి కాగితం చూసి మీరు తినకండి, మీ డాక్టరును అడగండి.

గుండె జబ్బు ఉన్నవారు చర్మం తీసి తినండి. చర్మంతో 100 గ్రాముల పచ్చి మాంసంలో కొవ్వు 12 గ్రాములు, చర్మం తీస్తే 4.5. ఇనుము మాత్రం దాదాపు 4 మిల్లీగ్రాములు, రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు మంచిదే. పిట్ట గుడ్లలో కొలెస్టరాల్ ఉండదని అమ్మేవారు చెబుతున్నారట. తప్పు. ఒక చిన్న గుడ్డులో 75 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అయిదు కలిస్తే ఒక కోడిగుడ్డు బరువు, కొలెస్టరాల్ మాత్రం దానికి రెట్టింపు.

బంగాళాదుంప కావాలని కొడుకు పట్టుబట్టాడు, గ్రీకువారు పక్కన పెడతారని. తొక్క తీసి, సన్నగా తరిగి, నిండుగా నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం చాలావరకు పోతుంది. తండ్రిగారికి అలా చేసినవి మూడు ముక్కలు.

శనివారం మధ్యాహ్నం భోజనం జరిగింది. మమ్మల్ని పిలిచారు గాని డ్యూటీలో ఉండి వెళ్లలేదు. సాయంత్రం కూతురు ఒక డబ్బాలో మాకు రెండు ముక్కలు పంపింది. వాము ఆకు వాసన నిమ్మతో బాగా కలిసింది. ఉప్పు మాత్రం చెప్పినదానికంటే ఎక్కువ పడింది. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పేశాము. ఫోనులో నవ్వి, "అది మా వాటా అండీ, నానది వేరేగా కలిపినాను" అంది.

సోమవారం పెద్దాయన రక్త పరీక్షకు వచ్చారు. పొటాషియం హద్దులోనే ఉంది. బరువు చూస్తే అదే 52. ఒక పూటకే పెరిగేది కాదు కదా. కొడుకు వచ్చే వారం ముంబయి వెళ్లి ఓడ ఎక్కాలి. మా కుండీలోని వాము కొమ్మ ఒకటి అడిగి తీసుకెళ్లి అక్క ఇంటి పెరట్లో నాటాడు. తినకూడనివి పదిహేడు వరుసలున్న మా కాగితాన్ని కూడా మార్చాము. ఇప్పుడు తినదగినవి ముందు వస్తున్నాయి, ఇరవై రెండు ఉన్నాయి. కావలసినవారు అవుట్ పేషెంట్ విభాగంలో అడిగి తీసుకోవచ్చు.

పెద్దాయన రిపోర్టు వైపు చూడనేలేదు. "మళ్లీ ఎప్పుడమ్మా?" అని అడిగారు. రెండు వారాల తరవాత, ఒక్కటే, చర్మం లేకుండా అని చెప్పాము. ఆయన గోడ మీది క్యాలెండరులో ఆ శనివారం వెతుకుతూ నిలబడ్డారు.